రాత్రి పదకొండు గంటల ఫోను: కోనసీమ టీచరమ్మ కేసు

నేను డెల్టాలోని ఒక పట్టణంలో కౌన్సెలింగ్ సైకాలజిస్టుని. ఈ కేసు ఆవిడ అనుమతితో రాస్తున్నాను. ఊరు చెప్పడం లేదు, చెప్పే సబ్జెక్టు, పిల్లల చదువులు, ఇంకొన్ని వివరాలు మార్చాను. రాయడానికి కారణం ఒకటే. సమయపాలన గురించి వినపడే సలహాలన్నీ ఒక మనిషి, ఒక డైరీ, ఒక గడియారం ఉంటే చాలన్నట్టు ఉంటాయి. మా వైపు సంసారాల్లో ఒక మనిషి రోజుని కనీసం నలుగురు నడుపుతుంటారు. ఆ నలుగురిలో ఒకరు సముద్రానికి అవతల ఉండటం కూడా కోనసీమలో మామూలే.

నేపథ్యం

వయసు 43. జిల్లా పరిషత్ హైస్కూల్లో స్కూల్ అసిస్టెంటు. ఇంటి నుంచి బడికి కాలవ గట్టు మీద షేర్ ఆటోలో అరగంట ప్రయాణం. భర్త పదేళ్ళకు పైగా కువైట్‌లో ఉన్నారు, రెండేళ్ళకోసారి వస్తారు. కూతురు ఇంటర్, కొడుకు తొమ్మిదో తరగతి. అత్తగారికి డెబ్బై దాటాయి, మోకాలికి ఆపరేషన్ అయింది. రెండెకరాల వరిచేను కౌలుకిచ్చారు. ఇంటి చుట్టూ కొబ్బరితోట, దాని దింపు (చెట్టెక్కి కాయలు దింపించడం), అమ్మకం అంతా ఈవిడ మీదే. ఇంట్లో గొడవల్లేవు, అప్పుల్లేవు. అత్తాకోడళ్ళు ఒకరి మీద ఒకరు ఫిర్యాదు చెప్పుకునే రకం కారు. ఆ మంచితనమే తర్వాత కొంత చిక్కు తెచ్చింది.

వచ్చిన ఇబ్బంది

"మేడమ్, నాకు మతిమరుపు మొదలైందండి. మా అమ్మమ్మకి వచ్చింది. ఏదైనా పరీక్ష ఉంటే చేసెయ్యండి." కూర్చోగానే అన్న మాట ఇది. సమయం గురించి ఆవిడ ఒక్క ముక్క కూడా మాట్లాడలేదు.

ఏమేం మర్చిపోయారని అడిగితే వేళ్ళ మీద లెక్కపెట్టారు. కూతురి పరీక్ష ఫీజు గడువు దాటిపోయి ఫైనుతో కట్టారు. ఇన్సూరెన్సు ప్రీమియం ఒక వాయిదా తప్పింది. బడిలో పిల్లల వివరాలు అప్‌లోడ్ చేయడం ఆలస్యమై మెమో వచ్చింది. దింపు వాళ్ళని తనే రమ్మని చెప్పి, ఆ రోజు గేటుకి తాళం వేసుకుని బడికి వెళ్ళిపోయారు. వాళ్ళు వెనక్కి పోయారు, మళ్ళీ దొరకడానికి రెండు వారాలు పట్టింది. అప్పటికే ఎండి రాలిన కాయల్ని చూసి అత్తగారు ఒక్క మాటా అనలేదట. "ఏదో ఒకటి అనేసినా బాగుండేదండి" అన్నారు.

మొదటి నిర్ణయం: ముందు ఒంటి సంగతి తేలాలి

ఈ వయసులో ఆడవాళ్ళు మతిమరుపు అంటే థైరాయిడ్, బి12, రక్తహీనత చూడకుండా డైరీ చేతికివ్వడం తప్పు. ఫిజీషియన్ దగ్గరకి పంపాను. హిమోగ్లోబిన్ కొంచెం తక్కువ ఉంది, మాత్రలు రాశారు. మిగతావి బాగానే ఉన్నాయి. డిప్రెషన్ ప్రశ్నావళిలో అలసట, నిద్ర దగ్గర మార్కులు పడ్డాయి గానీ దిగులు, నిరాశ కనపడలేదు. చిన్నప్పటి నుంచీ ఏకాగ్రత సమస్య ఉందేమో కూడా అడిగాను. టెన్త్‌లో మండలం ఫస్టు వచ్చిన మనిషి, కాలేజీలో ఎన్నడూ అసైన్‌మెంటు ఆలస్యం చేయలేదు. కాబట్టి ఏడీహెచ్‌డీ వైపు వెళ్ళలేదు.

అప్పుడు నా దృష్టి ఇంకో చోట పడింది. ఆవిడ తరగతి గురించి మాట్లాడుతుంటే ఒక్క తడబాటు లేదు. నూట నలభై మంది పిల్లల్లో ఎవరికి కళ్ళజోడు కావాలో, ఎవరి నాన్న చేపల చెరువు మీద కాపలా పడుకుంటాడో, ఎవరికి ఏ లెక్క రాదో అన్నీ చెప్తున్నారు. అంటే జరిగినది గుర్తుంది. చేయాల్సినదే జారిపోతోంది. ఈ రెండూ వేరువేరు జ్ఞాపకాలు. రెండోది నిద్ర తగ్గితే, చేతిలో పని మీద పని పడితే, దెబ్బతింటుంది. మర్చిపోయినవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే వాటికి ఒకే పోలిక ఉంది. అన్నీ వేరేవాళ్ళు చెప్పిన పనులు, గడువు ఎక్కడో ముందున్న పనులు, విన్న క్షణంలో చేయడానికి వీల్లేని పనులు.

రోగం మీద అనుమానం అలా వదిలి, పని వచ్చే దారి మీదకి వెళ్ళాం.

చీటీల వారం

మామూలుగా రోజంతా ఏం చేశారో రాయమంటారు. ఈవిడకి ఆ పని ఇవ్వలేదు. అప్పటికే మోయలేనంత ఉన్న మనిషికి అది ఇంకో రిజిస్టరు అవుతుంది, బడిలో రిజిస్టర్లు చాలవా. బదులుగా చిన్న చీటీలు ఇచ్చాను. కొత్త పని ఏది చెవిన పడినా మూడే ముక్కలు: ఏ పని, ఎవరు చెప్పారు, అప్పుడు మీరు ఎక్కడున్నారు.

ఒక ప్లాస్టిక్ కవరు నిండా తెచ్చారు. టేబుల్ మీద పరిచి ఇద్దరం కుప్పలు పెట్టాం. వంటింట్లో అత్తగారు అన్నవి ఒక కుప్ప. బడి వాట్సాప్ గ్రూపులో హెడ్మాస్టరు గారు పెట్టినవి ఇంకో కుప్ప. పిల్లలవి కొన్ని. అన్నిటికంటే ఎత్తైన కుప్ప మీద మాత్రం ఒకే మాట పదేపదే ఉంది: "ఆయన, ఫోనులో, మంచం మీద."

ఆయన ఫోను రాత్రి పదకొండుకి వస్తుంది. కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. ఆయన డ్యూటీ దిగి, గదిలో నలుగురితో కలిసి వండుకుని తిని, కాస్త సందడి తగ్గేసరికి అక్కడ ఎనిమిదిన్నర. ఇక్కడ ఈవిడ కళ్ళు మూతలు పడుతుంటాయి. మాటలు ముగిసేసరికి పన్నెండు. పంచాయతీ కుళాయి తెల్లవారుజామున ఐదింటికి, అందుకని లేచేది నాలుగున్నరకి. పెద్దవాళ్ళకి కనీసం ఏడు గంటల నిద్ర కావాలంటారు నిద్ర నిపుణులు. ఈవిడ ఏళ్ళ తరబడి నాలుగున్నర గంటలతో నెట్టుకొస్తున్నారు.

ఆ ఫోనులో ఏం మాట్లాడుకుంటారంటే, "ఫీజు కట్టావా, చేనుకి నీళ్ళు వచ్చాయా, కౌలు డబ్బు ఇచ్చాడా, పాసుపుస్తకం సంగతి ఏమైంది." నిద్రమత్తులో "ఆ, చూస్తాలెండి" అంటారు. తెల్లారితే ఆ మాట ఉండదు. మర్నాడు రాత్రి ఆయన మళ్ళీ అడుగుతారు. మర్చిపోయానన్న భావం ఆవిడలో అంత బలంగా నాటుకోవడానికి కారణం ఇదే. తప్పిన పనులు నిజానికి నాలుగైదు. వాటి గురించి ప్రశ్న మాత్రం ప్రతి రాత్రీ పడేది.

పనిచేయనివి

నా దగ్గరకి రాకముందే ఆవిడ రెండు ప్రయత్నాలు చేశారు. ఒకటి, ఇంకా ముందు లేవడం. మూడున్నరకే లేస్తే గంట కలిసొస్తుందని ఎవరో వీడియోలో చెప్పారట. మూడు వారాలు లేచారు. గేటు తాళం సంఘటన జరిగింది ఆ మూడు వారాల్లోనే. ఉన్న నిద్రలోంచి గంట తీసి పనికి చేరిస్తే ఆ గంట కూడా సరిగా పనికిరాదు, మిగతా రోజంతా మసకబారుతుంది.

రెండోది గోడ మీద జాబితా. ఇంటిపనులు పంచుకోవాలని, ఫ్రిజ్ పక్కన ఒక చార్టు అంటించారు. అత్తయ్య గారు: పాలవాడి లెక్క, కూరగాయలు, మందులు తెచ్చుకోవడం. పాప: బట్టలు. బాబు: మొక్కలకి నీళ్ళు. ఆ సాయంత్రం అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని దాని ముందు నిలబడి మొత్తం చదివారు. "ఏమ్మా, నేను మీ బళ్ళో పిల్లనేంటే, గోడకి హోంవర్కు అంటించావు?" అని నవ్వుతూనే అన్నారు. రెండు రోజులు వంటింటి గుమ్మం దాటి రాలేదు. మూడో రోజు ఈవిడే చార్టు చింపేశారు.

మూడోది నా దగ్గర జరిగింది. ఆవిడే అరగంట అరగంటకి టైంటేబుల్ వేయించమని పట్టుబట్టారు. బడి మనిషికి టైంటేబుల్ మీద నమ్మకం ఉండటం సహజం. అది నిలవదని నాకు అనిపించినా వారం రోజులు నడవనిచ్చాను. ఎక్కడ విరుగుతుందో చూస్తే, మోస్తున్న బరువు ఎక్కడుందో తెలుస్తుంది. ఫోనులో అలారాలు పెట్టుకున్నారు. మొదటి అలారం ఎనిమిదో తరగతిలో పాఠం మధ్యలో మోగింది, పిల్లలు నవ్వారు. రెండోది అత్తగారికి కాలు పడుతున్నప్పుడు. చేతిలో నూనె. మూడోదాన్ని ఆపేసి, ఎందుకు మోగిందో తర్వాత గుర్తు లేదన్నారు. ఆవిడ రోజులో గడియారం చెప్పి మొదలయ్యే పనులు బడి పీరియడ్లే. మిగతావి నీళ్ళు వస్తే, కరెంటు పోతే, కౌలు రైతు గుమ్మంలో నిలబడితే మొదలయ్యేవి. వాటిని పది గంటలకి, పదిన్నరకి అని కట్టేయలేం.

పనిచేసినవి

మొదట ఫోను. ఇక్కడ చాలా జాగ్రత్తగా అడుగు వేయాల్సి వచ్చింది. నిద్ర పాడుచేస్తున్న ఫోను కదా, ఆపెయ్యండి అనడం తేలిక. వాళ్ళ కాపురం ఇప్పుడు ఉన్నది ఆ గంటలోనే. దాన్ని కోసేస్తే ఇద్దరికీ మిగిలేది ఏంటి? అందుకని ఆయనతో మాట్లాడకుండా ఏ మార్పూ చెప్పకూడదనుకున్నాను. శుక్రవారం ఆయనకి సెలవు. ఆ రోజు వీడియో కాల్‌లో ముగ్గురం కూర్చున్నాం.

ఆయన ఒక మాట అన్నారు: "నేను డబ్బు పంపుతానండి, అంతే. అడక్కపోతే ఆ ఇంట్లో నాకేం పని ఉన్నట్టు?"

ఆ ప్రశ్నలు తనిఖీ కాదని ఆవిడకి అప్పుడే తెలిసింది. ఇంటి పెత్తనంలో తనకీ ఒక కొస ఉండాలని ఆయన కోరిక. అయితే నిజమైన కొసే ఇద్దాం అన్నాను. ఆ రోజే పంపకం జరిగింది. కరెంటు బిల్లు, ఇన్సూరెన్సు, గ్యాస్ బుకింగు, పిల్లల ఫీజులు, బ్యాంకు పనులు మొత్తం ఆయనవి. నెట్ బ్యాంకింగ్ ఎలాగూ ఆయన దగ్గరే ఉంది. కాలేజీలో కూతురి ఫీజు మెసేజీలు వెళ్ళే నంబరు మార్పించి ఆయన నంబరు ఇచ్చారు. గడువు గుర్తుపెట్టుకోవడం, కట్టడం, రసీదు దాచడం అన్నీ ఆయనే. ఈవిడ ఇక ఆ విషయం తలలో పెట్టుకోనక్కర్లేదు. సైటుకి వెళ్ళే కంపెనీ బస్సులో రోజూ ఆయనకి ఖాళీ దొరుకుతుంది. ఆ ఖాళీకి ఇంతకాలం ఇంట్లో ఏ పనీ లేదు.

రోజూ ఫోను సాయంత్రం ఎనిమిదిన్నరకి జరిపారు, అక్కడ ఆరు. ఆయన బస్సు దిగే వేళ. పిల్లలు కూడా మేలుకునే ఉంటారు. పనుల మాట శుక్రవారం ఉదయమే, ఈవిడ బడికి బయల్దేరేలోపు. మొదటి రెండు వారాలు ఆయన రాత్రి పదకొండుకి అలవాటుగా చేశారు. ఈవిడ తీసి "రేపు మాట్లాడదామండి" అనడానికి చాలా ఇబ్బంది పడ్డారు. తర్వాత కుదురుకుంది. పదిన్నరకల్లా పడుకోవడం మొదలైన నెలలోనే మతిమరుపు మాట ఎత్తడం తగ్గింది.

రెండోది కొబ్బరి. ఈ తోట ముప్పై ఏళ్ళు అత్తగారే నడిపారు. మోకాలి ఆపరేషన్ తర్వాత "మీరు కూర్చోండి అత్తయ్యా" అని కోడలు తీసుకున్నారు. ప్రేమతోనే. కానీ ఆ ప్రేమతో పెద్దావిడ చేతిలోంచి పెత్తనం పోయింది, ఈవిడ తల మీద ఒక మోపు పెరిగింది. గోడ మీద చార్టు తప్పిన చోటు కూడా ఇదే. అందులో పాలలెక్క, మందులు అని విడివిడి ముక్కలు పంచారు. ఎప్పుడు, ఎంత, ఎవరిని అన్న ఆలోచన కోడలి దగ్గరే ఉండిపోయింది. పనివాళ్ళకి పని చెప్పినట్టే అయింది. అందుకని ఈసారి ముక్క ఇవ్వలేదు, మొత్తం తోట తిరిగిచ్చారు. దింపు వాళ్ళు ఇప్పుడు పెద్దావిడ బటన్ల ఫోనుకే చేస్తారు. ఏ నెలలో దింపాలి, కాయ నిలవ ఉంచాలా అమ్మాలా అన్నది ఆవిడ నిర్ణయం. అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో రేటు ఎంతుందో కనుక్కుని కానీ బేరం తెగ్గొట్టరు. డబ్బు ఆవిడ చేతికే. కోడలు లెక్క అడగదు. ఇది నేను గట్టిగా చెప్పిన షరతు. లెక్క అడిగితే పెత్తనం మళ్ళీ కోడలి దగ్గరకే వచ్చేస్తుంది.

తోట తీసుకున్న నెల తర్వాత పాలలెక్క, కూరగాయలు కూడా అత్తగారు ఎవరూ చెప్పకుండానే తీసేసుకున్నారు.

మూడోది గడియారం బదులు సందర్భం. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్జర్ 1999లో రాసిన దాని సారం ఇది: "ఫలానా పని చేస్తాను" అనుకోవడం కంటే "ఫలానాది జరగ్గానే ఫలానా పని చేస్తాను" అని కట్టుకుంటే ఆ పని జరిగే అవకాశం పెరుగుతుంది. ఈవిడ రోజుకి ఇది అతికినట్టు సరిపోయింది. కుళాయి కట్టేయగానే మాత్ర వేసుకోవడం. ఆటో ఎక్కి కూర్చోగానే నోట్సు తెరవడం. బడి గేటు దాటగానే, స్టాఫు రూములోకి వెళ్ళకముందే ఫోను యాప్‌లో ముఖం చూపించి తన హాజరు. మొదటి పీరియడ్ అటెండెన్సు చెప్పగానే యాప్‌లో పిల్లల హాజరు, పుస్తకం మూసేలోపే. ప్రతి పనికీ ముందు ఇప్పటికే తప్పకుండా జరిగే ఒక సంగతి ఉండాలి అన్నదే నియమం. "ఖాళీ దొరగ్గానే" అన్నది సంగతి కింద లెక్కలోకి రాదు.

నోట్సు అంటే బడిలో మిగిలిపోయిన ఒక రఫ్ నోట్సే. యాప్ వద్దనుకున్నాం, ఎందుకంటే ఫోను తెరిస్తే ముందు గ్రూపు మెసేజీలు మీద పడతాయి. ఎవరు ఏం చెప్పినా అందులోకి, లేకపోతే ఆ పని లేనట్టే. చేతిలో పిండి ఉంటే "ఆటో ఎక్కాక గుర్తుచెయ్యవే" అని కూతురికి చెప్పేవారు మొదట్లో. అది కూడా మానేసి, వంటింటి గుమ్మానికి దారంతో పెన్సిలు కట్టారు.

హెడ్మాస్టరు గారి గ్రూపు గురించి ఒక మాట. ఆయన పెట్టిన ప్రతి మెసేజికీ వెంటనే స్పందించాలని ఈవిడ అనుకునేవారు. "అలా ఎవరు చెప్పారండి?" అంటే ఎవరూ చెప్పలేదు. వెళ్ళి అడగమన్నాను. "అమ్మా, అర్జెంటయితే ఫోను చేస్తాను కదా" అన్నారాయన. దాంతో గ్రూపు చూడటం రోజుకి రెండుసార్లకి దిగింది. ఆ ఒక్క ప్రశ్న అడగడానికి ఆవిడకి నాలుగు వారాలు పట్టింది.

ఇక్కడ కాస్త పక్కకి వెళ్తాను. 2019 జాతీయ సమయ వినియోగ సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకి సగటున 299 నిమిషాలు పెడుతున్నారని, చేసే మగవాళ్ళు 97 నిమిషాలని తేలింది. ఆ లెక్కలో చేసే పని ఉంది. తలలో మోసే పని, అంటే ఎవరికి ఎప్పుడు ఏది కావాలో గుర్తుంచుకునే పని, అందులో కనపడదు. పైగా మా కోనసీమలో ఆదర్శం ఎవరంటే లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారు, ఏ వేళ ఎవరొచ్చినా అన్నం పెట్టిన ఇల్లాలు. బడి భోజన పథకానికి ఇప్పుడు ఆవిడ పేరే ఉంది. ఆ గౌరవంలో తప్పు లేదు. కానీ ఏ వేళకైనా అందుబాటులో ఉండటమే ఇల్లాలి గొప్ప అని నూరిపోసిన చోట, "రాత్రి పదిన్నర తర్వాత వద్దండి" అనడానికి ఒక టీచరమ్మకి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి.

వరద వచ్చినప్పుడు

పద్ధతి నిలుస్తుందో లేదో ఆగస్టులో తెలిసింది. అంతకుముందు ఏడాది వరదకి గోదావరి మధ్య లంకలోని ఆడపడుచు కుటుంబం గేదెలతో సహా వీళ్ళింటికి వచ్చింది. బడిని పునరావాస కేంద్రం చేశారు. ఇంట్లో గ్యాస్ అయిపోయింది, అత్తగారి బీపీ మాత్రలు అయిపోయాయి, బడి రికార్డులు తడిశాయి. ఆ ఏడాదే ఆవిడకి మెమో వచ్చింది.

ఈసారి వరదనే సందర్భంగా కట్టుకున్నాం. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకి రెండోది, 17.75కి మూడోది. టీవీలో స్క్రోలింగు, పిల్లల ఫోన్లు, ఊరి మైకు, అన్నీ ఆ మాటే చెప్తాయి. ఇంతకంటే నమ్మకమైన అలారం ఏముంది? మొదటి హెచ్చరిక వినగానే రెండో సిలిండరు, అత్తగారికి నెల మందులు, బియ్యం, కొవ్వొత్తులు. అదే రోజు బడిలో రిజిస్టర్లు పై అరకి. రెండో హెచ్చరిక వినగానే ఆడపడుచుకి ఫోను, పశువులకి గడ్డి, బాబు గది ఖాళీ చేయడం. ఇది నోట్సు చివరి పేజీలో రాసి, ఎవరిది ఏదో పేర్లు వేశారు. ఈసారి అత్తగారు తన పేరు ఎక్కడుందో వెతికి చూసుకుని, గడ్డి సంగతి కూడా నాకే ఇవ్వు అన్నారట.

నీళ్ళు రెండో హెచ్చరిక దాకా వచ్చి తగ్గాయి. ఆడపడుచు వాళ్ళు నాలుగు రోజులు ఉన్నారు. ఆ వారం నోట్సు తెరవలేదు, ఆటోలు లేవు, గ్రూపు చూసే వేళలు తప్పాయి. కానీ ఏదీ జారిపోలేదు. సిలిండరు డబ్బు కువైట్ నుంచే కట్టారు.

ఇంకా తేలనివి

దిద్దాల్సిన పిల్లల నోటు పుస్తకాలు ఇంకా ఇంటికే వస్తున్నాయి. పిల్లల సంఖ్య తగ్గదు, యాప్‌లు పెరుగుతూనే ఉంటాయి, దీనికి నా దగ్గర మందు లేదు. మార్చిలో పదో తరగతి పరీక్షల డ్యూటీ, దాళ్వా (రెండో పంట వరి) పనులు, కాలవలు కట్టేసే ముందు నీళ్ళ హడావిడి ఒకేసారి మీద పడతాయి. ఆ నెల కోసం ఫిబ్రవరిలో మళ్ళీ కూర్చోవాలని అనుకున్నాం.

ఈ కేసు నుంచి నేను తీసుకున్నది

సమయం చాలడం లేదని వచ్చేవాళ్ళని ఇప్పుడు నేను మొదట పని గురించి అడగడం లేదు. పని ఎవరి నోట వస్తుంది, అప్పుడు మీరు ఎక్కడుంటారు అని అడుగుతున్నాను. జవాబులో మంచం, వంటిల్లు, బండి మీద అని వస్తే డైరీ గురించి తర్వాత చూస్తాను. పని పంచేటప్పుడు దాన్ని గుర్తుంచుకునే బాధ్యత, దాని మీద డబ్బు, దాని మీద నిర్ణయం కలిపి ఇస్తేనే అవతలివాళ్ళు తీసుకుంటారని కూడా రూఢి అయింది.

అయితే ఈ దారి అందరికీ పనికిరాదు. ఇక్కడ భర్త ఒప్పుకున్నారు, అత్తగారు కొబ్బరి మీద మనసున్న మనిషి, హెడ్మాస్టరు మంచివారు. ఫోనులో ప్రశ్నలు నిజంగానే తనిఖీ అయిన ఇళ్ళు, పెత్తనం ఇస్తే దానితోనే కోడలిని కొట్టే ఇళ్ళు నా దగ్గరకి వస్తూనే ఉన్నాయి. అలాంటి చోట నేను పంపకం ఎత్తను. నిద్ర, చీటీలు, సందర్భానికి కట్టిన రెండు మూడు పనులు, వాటి వరకే ఆగుతాను. పంపకం మాట ఆవిడే, తనకి వీలనిపించినప్పుడు, ఎత్తాలి. భర్తతో ముగ్గురం కూర్చోవాలా వద్దా అన్నది కూడా మొదటి రెండు సిట్టింగుల్లో నిర్ణయించను.